నాన్నగారు నింపిన గడి

మొన్న ఆదివారం మా తమ్ముడి కూతురు శ్రీజ భిలాయి పక్కన రిసాలిలో ఉన్న నా ఇంటికి వచ్చింది. ఆ పిల్ల ఎప్పుడూ చెప్పి రాదు, చెప్పులు తిన్నగా విడవదు. రెండూ నాకు నచ్చవు. ఇదివరకే చెప్పి చూశాను, ఇప్పుడు చెప్పడం మానేశాను. పన్నెండో తరగతి చదువుతోంది, బయాలజీ. ప్రాక్టికల్ పరీక్షకి ఏదో ప్రాజెక్టు తయారు చెయ్యాలట. లోపలికి వస్తూనే సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి, నా రాతబల్ల మీది కాగితాలు పక్కకి జరిపి, అక్కడ కూర్చుంది.

“అత్తా, పెడిగ్రీ చార్ట్ బనానా హై. మనింట్లో పాతోళ్లందరి పేర్లూ కావాలి. పాపా కో కుఛ్ నహీ మాలూమ్, అత్తనడుగు అన్నాడు.”

“ఏ లక్షణానికి?” అన్నాను.

“అదే తేల్లేదు. నాలిక మడతెట్టడం క్లాసులో అందరూ చేసీసేరు. బోరింగ్. మనింట్లో ఏటైనా ఇంట్రెస్టింగ్ ఉందేటి?”

నేను టీ గ్లాసు కింద పెట్టాను. బొడ్డు దగ్గర ఒక చల్లటి ముడి బిగుసుకుంది. ఆ ముడి నాకు పాత పరిచయం. పదిహేడో ఏట బయాలజీ పుస్తకం ముందేసుకుని కూర్చున్న ప్రతిరోజూ అది నాతోనే కూర్చునేది, నాతోనే లేచేది. ఇన్నేళ్ల తరవాత ఒక చిన్నపిల్ల అడిగిన ఒక్క మాటకి తిరిగొచ్చిందంటే ఎక్కడికీ పోలేదన్నమాట.

అప్పట్లో మేము ఉక్కు ప్లాంటు వాళ్ల సెక్టార్లలో ఒక రెండు గదుల క్వార్టర్లో ఉండేవాళ్లం. వీధంతా ఒకే అచ్చులో పోసినట్టు అవే గోడలు, అవే కిటికీలు, అదే జామచెట్టు. మా ఇంట్లో మాత్రం ముందుగదిలో సగం మేర ఒక నల్లచేవ కుర్చీ ఆక్రమించుకుని ఉండేది. విజయనగరం దగ్గర మాకు ఒక లోగిలీ, దాని వెనక చాలా భూమీ ఉండేవి. అవి ఎలా పోయాయో చెప్పుకోవడం మాకు అలవాటు లేదు. మిగిలింది ఆ కుర్చీ. అందులో మా నాయనమ్మ తప్ప ఎవరూ కూర్చోరు. కూరగాయల బండివాడు గేటు దగ్గర నిలబడి “దాయీ, భాజీ లేబే కా?” అని, కూరలు తీసుకుంటావా అని వాళ్ల ఛత్తీస్‌గఢీలో ఏకవచనంలో కేకేస్తే, ఆవిడ కుర్చీలోంచి కదలకుండా, “మనిషి మంచివాడే, మర్యాద నేర్పిన వాళ్లు లేరు” అనేది. వాడికి తెలుగు రాదు కాబట్టి ఆ ముక్క కొన్నేళ్లపాటు నిరపాయంగా సాగింది.

నాయనమ్మ ఆ క్వార్టర్లో లోగిలి నియమాలే నడిపింది. మొదటి నియమం, మన ఇంట్లో అడగడం లేదు. అప్పు అడగం, దారి అడగం, సందేహం అడగం. క్లాసులో నాకు అర్థం కానిది ఎప్పుడూ అర్థం కాకుండానే ఉండిపోయేది. రెండోది, మగవాళ్లు తెల్లబట్టే కట్టాలి. ఇనుప ఖనిజం దుమ్ము గాలిలో తిరిగే ఊళ్లో తెల్లచొక్కా తెల్లగా ఉంచడం అంటే ఏమిటో మా అమ్మ చేతులు చూస్తే తెలిసేది. నీలిమందు డబ్బా, గంజి గిన్నె, తడి బట్టల వాసన, ఇవే నా చిన్నతనపు పొద్దులు. మూడోది, పండు గాని కాయ గాని వాసన చూసి కొనాలి. “రంగు సూసి కొనీది సంతలో వోళ్లు. మనం వాసన సూసి కొంటాం” అనేది నాయనమ్మ. మామిడిపండు ముచ్చిక దగ్గర ముక్కు పెట్టి, కళ్లు మూసుకుని, ఒక్క క్షణం ఆగి, ఇది రేపటికి, ఇది ఎల్లుండికి అని విడదీసేది. ఎప్పుడూ తప్పలేదు. నాకూ అదే నేర్పింది. అదొక గొప్పింటి విద్య అనుకుని నేర్చుకున్నాను.

మా నాన్నగారు తన సొంత అక్క కూతుర్ని పెళ్లి చేసుకున్నారు. ఆస్తి బయటికి పోకూడదని మా వాళ్లు ఎప్పుడూ ఇంట్లో పిల్లని ఇంట్లోనే ఇచ్చుకునేవారు. ఆస్తి పోయాక కూడా అలవాటు పోలేదు. అందువల్ల నేను నాయనమ్మా అని పిలిచే మనిషిని మా అమ్మ అమ్మమ్మా అని పిలిచేది. పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా, తొందరలో ఉంటే, భర్తని “మావయ్యా, డబ్బా మర్చిపోయేరు” అని పిలిచేసేది. ఆంధ్రాలో అయితే ఎవరూ తల తిప్పి చూడరు. భిలాయిలో అలా కాదు. నా పక్కన కూర్చునే ఈశ్వరీ సాహూ ఒకరోజు టిఫిన్ తింటూ, “తుమ్హారే యహాఁ సచ్ మే మామా సే షాదీ హోతీ హై క్యా?” అని, మీలో నిజంగా మేనమామనే పెళ్లి చేసుకుంటారా అని అడిగింది. నేను జవాబు చెప్పేలోపు తనే పకపకా నవ్వి, “హమారే యహాఁ తో మామా భాంజీ కే పైర్ ఛూతా హై!” అంది. వాళ్లలో మేనమామే మేనకోడలి కాళ్లకి దణ్ణం పెడతాడు, ఆమెలో దేవుణ్ని చూస్తాడు. ఆ రోజు నుంచి ఈశ్వరిని ఇంటికి రమ్మనలేదు. అమ్మ నోటివెంట ఆ పిలుపు ఎప్పుడు జారుతుందో అని భయం.

నాన్నగారు ప్లాంటు లోపల ఇంజను డ్రైవరు. అంటే, మా ఇంట్లో అందరం అలాగే అనేవాళ్లం. కొలిమిలో కరిగిన ఇనుమును పెద్దపెద్ద కుండల్లో నింపి, పట్టాల మీద, ఉక్కు చేసే చోటికి లాక్కుపోయే ఇంజన్లుంటాయి. “మా నాన్న జోడుగుర్రాల బండి తోలేవోడు, నా కొడుకు నిప్పుల బండి తోల్తాడు” అని నాయనమ్మ పండగలకి వచ్చిన తెలుగువాళ్లకి చెప్పేది. ఆయన షిఫ్టుకి తెల్లచొక్కా ఇస్త్రీ మడత చెడకుండా వెళ్లేవారు, ఖాకీ బట్టలు సంచిలో పెట్టుకుని. ఇంటికి రాగానే ఎవరితోనూ మాట్లాడకుండా పెరట్లో కుళాయి దగ్గర ఆ ఖాకీ తనే ఉతుక్కుని, చేతులు మోచేతుల దాకా సబ్బుతో రుద్ది, అప్పుడు లోపలికి వచ్చేవారు. ఎంత రుద్దినా ఆయన అన్నం కలుపుతుంటే సన్నగా కిరసనాయిలు వాసన వచ్చేది. అదే ఇంజను వాసన అనుకునేదాన్ని.

బయాలజీ చెప్పే ఛటర్జీ మేడమ్ భర్త ప్లాంటులో పెద్ద ఆఫీసరు. ఒకరోజు ఆవిడ క్లాసుకి ఒక చిన్న పుస్తకం తెచ్చింది. పేజీకొక గుండ్రం, గుండ్రం నిండా చిన్నా పెద్దా రంగు చుక్కలు. చుక్కల్లో ఒక అంకె దాగుంటుందట. వరసగా ఒక్కొక్కరూ చదివి చెప్పాలి. పిల్లలందరూ ఇందులో ఏముందన్నట్టు చదివేస్తున్నారు. పుస్తకం నా దగ్గరికి వచ్చింది. నాకు చుక్కలే కనిపించాయి. పేజీ కాస్త దూరంగా పెట్టి చూశాను, దగ్గరగా పెట్టి చూశాను. వాన వెలిసిన నేల మీద గులకరాళ్లలా చుక్కలు, అంతే. నాకు ముందు ఈశ్వరి ఏ అంకె చెప్పిందో అదే చెప్పి పుస్తకం వెనక్కి ఇచ్చేశాను.

అప్పటిదాకా నేను నాలో ఏదో మందమతితనం ఉందనుకునేదాన్ని. గుల్‌మొహర్ పూసిందని ఊరంతా తలెత్తి చూస్తుంటే నాకు చెట్టులో పువ్వే కనిపించేది కాదు. కింద రాలినవి చూసి, ఓహో పూసింది అనుకునేదాన్ని. ఆకు పచ్చన, నెత్తురు ఎర్రన అని ఎక్కాలు నేర్చుకున్నట్టే నేర్చుకున్నాను. ఆ సాయంత్రం ఇంటికొచ్చి పాఠ్యపుస్తకంలో ఆ పేజీ తీశాను. వర్ణాంధత మగవాళ్లకి వస్తుంది. తల్లి మోస్తుంది, కొడుక్కి ఇస్తుంది. ఆడపిల్లకి రావడం చాలా అరుదు. ఆ తరవాతి వాక్యం చదివి పుస్తకం మూసేశాను. మళ్లీ తెరిచి, తప్పు చదివానేమోనని వేలు పెట్టి చదివాను. ఆడపిల్లకి వచ్చిందంటే తల్లి వైపు నుంచి అందడం ఒక్కటే చాలదు, తండ్రికి ఉండి తీరాలి.

పరీక్షకి చదువుకునే పిల్లలు మరిచిపోతామేమోనని భయపడతారు. నేను ఆ వాక్యం మరిచిపోలేకపోయాను. నాన్నగారికి ఎరుపూ ఆకుపచ్చా తెలియవు. నాన్నగారు కరిగిన ఇనుము లాక్కుని, ఎర్రదీపం ఆకుపచ్చదీపం చూసుకుంటూ, మనుషులు తిరిగే పట్టాల మీద ఇంజను నడుపుతున్నారు. ఈ రెండు వాక్యాలూ నా తలలో పక్కపక్కన నిలబడి కదలకుండా ఉండిపోయాయి. జీర్ణకోశం పాఠం చదువుతుంటే అవే. మొగ్గలో భాగాలు గీస్తుంటే అవే. సాయంకాలం ప్లాంటులో కొలిమి నుంచి కరిగిన చెత్త పారబోసినప్పుడు ఆకాశం వెలిగేది. వీధిలో పిల్లలు కేరింతలు కొట్టేవాళ్లు. నేను పుస్తకం పట్టుకుని గేటు దగ్గర నిలబడి, ప్లాంటు వైపు నుంచి అంబులెన్సు చప్పుడు వస్తుందా అని వినేదాన్ని. నాన్నగారి సైకిలు గంట మలుపులో వినపడేదాకా నాకు ఊపిరి పూర్తిగా ఆడేది కాదు. ఆయన కుళాయి దగ్గరికి వెళ్లేవారు. నేను లోపలికి వెళ్లి చదువుకుంటున్నట్టు కూర్చునేదాన్ని. మరునాడు షిఫ్టు వేళకి మళ్లీ మొదలు.

“ఏటమ్మా, పొద్దున్నుంచీ అదే పేజీ. అందులో ఏటి నిధి దొరికిందేటి?” అంది నాయనమ్మ కుర్చీలోంచి.

“కష్టమైన పాఠం, నాయనమ్మా.”

“కష్టం మనకి కొత్తేటి? నడుం నిలబెట్టి సదువు. వంగి సదివితే గుమస్తాలా ఉంటాది.”

నడుం నిలబెట్టి భయపడ్డాను.

ఒకసారి రుజువు చూసుకోవాలనిపించింది. రికార్డు పుస్తకంలో బొమ్మలు గీయడానికి రంగు పెన్సిళ్లు ఉండేవి. నాన్నగారు మంచం మీద కూర్చుని ఉండగా, ఎర్రదీ ఆకుపచ్చదీ ఆయన పక్కనే పడేసి, “నాన్నగారూ, ఆ ఎర్ర పెన్సిలు ఇలా అందిస్తారా?” అన్నాను. ఆయన రెండూ చేతిలోకి తీసుకున్నారు. తొందరపడలేదు. కిటికీ వైపు కొంచెం తిరిగి, పెన్సిలు చివర వేసిన సన్నటి అక్షరాలు చదివి, ఎర్రదే ఇచ్చారు. నేను తీసుకున్నాను. నేను చేసేదీ అచ్చంగా అంతే. ఆ అక్షరాలు చెరిగిపోకుండా పెన్సిలు ఎప్పుడూ రెండో కొస నుంచే చెక్కుకునేదాన్ని.

పరీక్ష దగ్గర పడ్డాక ఛటర్జీ మేడమ్ రోల్ నంబర్ల వరసన ప్రాజెక్టులు పంచింది. తమ తమ కుటుంబాల్లో ఒక లక్షణం తరాలుగా ఎలా దిగుతోందో గీసి చూపించాలి. మగవాళ్లకి చతురస్రం, ఆడవాళ్లకి గుండ్రం, ఆ లక్షణం ఉన్నవాళ్లది నల్లగా నింపాలి, లేనివాళ్లది ఖాళీగా వదలాలి. పెళ్లికి ఒక గీత. దగ్గర చుట్టరికంలో పెళ్లయితే రెండు గీతలు. ఈశ్వరికి చెవి తమ్మెలు వచ్చాయి. నాకు వర్ణాంధత వచ్చింది. మార్పించుకోవచ్చు, అడిగితే. మా ఇంట్లో అడగడం లేదు.

“డర్ కాహే కా?” అంది ఈశ్వరి. “సబ్ ఖాలీ ఛోడ్ దే.” మా ఇంట్లో ఎవరికీ లేదని రాసెయ్యమంది.

అంతా ఖాళీగా వదిలేద్దామనే అనుకున్నాను. కానీ మేడమ్ చివర్లో ఒక మాట చెప్పింది. బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ ఏ చార్టు ఎవరిదో చూసి, దాన్ని వాళ్ల మీదే పరీక్ష చేస్తారట. నాలుక చార్టు గీసినవాళ్లు నాలుక మడిచి చూపించాలి. వర్ణాంధత గీసినవాళ్లు చుక్కల పుస్తకం చదవాలి. నాకు ముందు చదివేవాళ్లు అక్కడ ఎవరూ ఉండరు. నేను చదవలేకపోతే ఎగ్జామినర్ నా తండ్రి గడి చూస్తాడు. అది ఖాళీగా ఉంటే అబద్ధమని ఆయనకి తెలుస్తుంది, పక్కనే ఉన్న ఛటర్జీ మేడమ్‌కి తెలుస్తుంది, ఆ రాత్రికి ఆవిడ భర్తకి తెలుస్తుంది. నిజం నింపితే అది తెలియడానికి అంత సేపు కూడా పట్టదు. నాన్నగారి ఉద్యోగం పోతుంది. పోకపోతే ఆయన ఇంజను ఎక్కుతూనే ఉంటారు, ఏదో ఒక రోజు సైకిలు గంట వినపడదు. ఏది కోరుకోవాలో కూడా నాకు తెలియలేదు.

చార్టు గీశాను. నాయనమ్మ తండ్రి అయిన ముత్తాత, నాయనమ్మ, మేనత్త, నాన్నగారు, అమ్మ, నేను, తమ్ముడు. గడులన్నీ ఖాళీ. అమ్మానాన్నల మధ్య ఒకటే గీత.

ప్రాక్టికల్ సెంటరు పవర్ హౌస్ అనే పేట అవతల వేరే స్కూల్లో పడింది. ఆ పొద్దున్న అమ్మ పెరుగన్నం ముద్ద నోట్లో పెట్టి, “బాగా రాస్తావులే” అంది. నాయనమ్మ కుర్చీలోంచే చెయ్యెత్తి దీవించింది. నాన్నగారికి ఆ రోజు సెలవు. సైకిలు వెనక నన్ను కూర్చోబెట్టుకున్నారు. ఆయన తెల్లచొక్కా వీపు నా ముందు గోడలా నిటారుగా ఉంది. దాని మీద ఒక్క ముడత లేదు. దారి పొడవునా చార్టు చుట్టని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను.

మార్కెట్ దగ్గర చౌరస్తాలో దీపాలు ఉన్నాయి. నాన్నగారు సైకిలు ఆపారు. మా ముందు ఎవరూ లేరు. కాసేపటికి వెనక నుంచి స్కూటరు మీదాయన హారన్ కొట్టి, “అరే అంకల్, హరా హో గయా! చలో న!” అని, పచ్చదీపం పడింది కదలమని అరిచాడు. పొద్దుటి ఎండ సూటిగా స్తంభం మీద పడుతోంది. ఏ దీపం వెలుగుతోందో పోల్చుకోవడం నాకూ కష్టంగానే ఉంది. నాన్నగారు చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నారు. ఆ చెయ్యి చూసి నాకు ధైర్యం రాలేదు, భయం హద్దు దాటింది. హద్దు దాటిన భయానికి ఇంటి నియమం గుర్తుండదు.

“నాన్నగారూ, ఏ రంగు దీపం వెలుగుతోంది?”

ఆయన వెనక్కి తిరగలేదు. “కిందది.”

“కిందది ఏ రంగు?”

“పైది వెలిగితే ఆగాలి. కిందది వెలిగితే ఎళ్లాలి. రంగుతో మనకేటి పని?”

“నాకూ అంతే, నాన్నగారూ. నాకూ తెలీదు.”

స్కూటరాయన తిట్టుకుంటూ పక్కనుంచి వెళ్లిపోయాడు. నాన్నగారు సైకిలు దిగి, నన్ను దింపి, దాన్ని నడిపించుకుంటూ ఒక మూసిన దుకాణం అరుగు దగ్గరికి తీసుకెళ్లారు. స్టాండు వేశారు. నా మొహం చూశారు.

“నీక్కూడానా, తల్లీ?” ఆయన నన్ను ఎప్పుడూ అలా పిలవలేదు. “ఆడపిల్లలకి రాదని మీ నాయనమ్మ అనీది. మా అమ్మ నాన్నకి ఉండీదట, నాకుంది. నా తరవాత నీ తమ్ముడికి వస్తాదేమోనని సూసేను. వోడికి రాలేదు. నీ వైపు సూళ్లేదమ్మా.”

నా నోట్లోంచి అన్నీ ఒకేసారి వచ్చాయి. పుస్తకంలో వాక్యం, చుక్కలు, ఎగ్జామినర్, మేడమ్ భర్త. “మీరు ఇంజను ఎలా నడుపుతున్నారు? సిగ్నలు ఎలా చూస్తున్నారు? రోజూ గేటు దగ్గర నిలబడి చచ్చిపోతున్నాను నాన్నగారూ.”

ఆయన చాలాసేపు సైకిలు గంటని వేలితో తుడిచారు.

“ఇంజను నేనెప్పుడూ నడపలేదమ్మా.”

నేను చార్టు చుట్టని కిందికి దించాను.

“హెల్పరుగా చేరేను. డ్రైవరు చేస్తామన్నారు. మీ నాయనమ్మకి కబురెట్టీసేను, డ్రైవరునైపోయేనని. అప్పుడు కళ్ల పరీక్ష పెట్టేరు. చుక్కల పుస్తకమే. ఒక్క అంకె కనపళ్లేదు. ఇంజను ఇవ్వం అన్నారు. వోళ్లు సెయ్యాల్సిందే సేసేరు. అప్పట్నుంచీ షెడ్డులో ఇంజన్లు కడుగుతున్నాను. కిరసనాయిలెట్టి తుడుస్తాను. అంతే నా పని.”

“అమ్మకి తెలుసా?”

“మీ అమ్మ అడగలేదు. నేను సెప్పలేదు. తెలుసనే అనుకుంటాను.”

ఇన్ని రోజులు కాలిపోతున్న పట్టాల మీద ఊహించుకున్న మనిషి, చేతిలో గుడ్డపీలికతో నా ముందు నిలబడ్డాడు. నేను ఏడవలేదు. మా ఇంటివాళ్లు వీధిలో ఏడవరు. అరుగు మీద కూర్చుండిపోయాను.

“ఏదీ, ఆ కాగితం,” అన్నారు.

చార్టు విప్పి సైకిలు సీటు మీద పరిచాను. గాలికి లేవకుండా ఒక కొస ఆయన పట్టుకున్నారు. చతురస్రాలూ గుండ్రాలూ ఏమిటో చెప్పాను. ఆయన తన వంశాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశారు.

“ఇందులో మేమిద్దరం ఎక్కడున్నాం?”

చూపించాను.

“అయినోళ్ల పెళ్లికి రెండు గీతలన్నావు. మాకు ఒకటే ఎందుకు గీసేవు?”

“స్కూల్లో నవ్వుతారని.”

“నవ్వితే నవ్వుతారు. మేం దొంగతనంగా సేసుకోలేదు కదా. గియ్యి.”

స్కేలు పెట్టి రెండో గీత గీశాను. ఆయన జేబులోంచి సిరా కలం తీసుకుని, మూత విప్పి, తన చతురస్రం తనే నింపడం మొదలుపెట్టారు. నెమ్మదిగా, మూలలు వదలకుండా. ఇంజను అద్దం తుడిచేటప్పుడు కూడా అలాగే తుడిచేవారేమో. సీటు గుండ్రంగా ఉండటం వల్ల కలం ఒకచోట జారి, సిరా గీత దాటి బయటికి వచ్చింది. ఆయన నాలుక కరుచుకున్నారు. తరవాత ముత్తాత గడి కూడా నింపి, కలం నాకు ఇచ్చారు. నా గుండ్రం నేను నింపుకున్నాను. సిరా ఆరేదాకా ఇద్దరం నిలబడి కాగితం మీద ఊదాం.

ఎగ్జామినర్ నెరిసిన జుట్టాయన. రాయపూర్ నుంచి వచ్చారట. ఛటర్జీ మేడమ్ పక్కనే కూర్చుంది. ఆయన చుక్కల పేజీ నా ముందు పెట్టి, “క్యా దిఖ్ రహా హై?” అన్నారు. “సిర్ఫ్ బిందు హై, సర్” అన్నాను. ఆయన పేజీ తిప్పారు. మళ్లీ చుక్కలే. అప్పుడు చార్టు దగ్గరికి లాక్కుని చూశారు. నా గుండ్రం మీద వేలు పెట్టి, అక్కణ్నుంచి పైకి, రెండు గీతల దాకా తెచ్చి ఆపారు.

“యే డబల్ లైన్?”

“మామా ఔర్ భాంజీ, సర్. హమారే యహాఁ హోతా హై.”

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఎగ్జామినర్ తలెత్తి చూసేసరికి ఆగిపోయారు. ఆయన మళ్లీ కాగితం వైపు వంగి, “పితా వాలా డబ్బా గందా కర్ దియా. స్యాహీ బాహర్ నికల్ గయీ” అని, నాన్నగారి గడి దాటి వచ్చిన సిరా చూపించారు.

“వో మైనే నహీ భరా, సర్. పితాజీ నే ఖుద్ భరా.” అది నేను నింపలేదు, నాన్నగారే నింపారన్నాను.

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఇంకేమీ అడగలేదు. మేడమ్ నా రికార్డు మూసి, రెండు చేతులతో తిరిగి ఇచ్చింది.

ఆ రోజుతో భయం పోయిందని రాస్తే బాగుండును. పోలేదు, రూపం మార్చుకుంది. అంబులెన్సు చప్పుడుకి బదులు, నాయనమ్మకి తెలుస్తుందేమోనన్న భయం పట్టుకుంది. నాన్నగారూ నేనూ దాన్ని చెరో కొసా పట్టుకుని ఏళ్ల తరబడి మోశాం. పండగలకి వచ్చినవాళ్లతో ఆవిడ నిప్పుల బండి సంగతి చెబుతున్నప్పుడల్లా మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం కాదు. ఆవిడ ఆ కుర్చీలోనే, తన కొడుకు ఇంజను డ్రైవరన్న మాట మీదే వెళ్లిపోయింది. ఇప్పుడు మాత్రం నాకొక అనుమానం. కళ్లు మూసుకుని వాసన చూసి, ఏ మామిడిపండు ఏ రోజుకి పండుతుందో చెప్పగలిగిన మనిషికి, రోజూ పక్కన కూర్చుని అన్నం తినే కొడుకు చేతుల్లో కిరసనాయిలు వాసన తెలియకుండా ఉంటుందా? అడగడం ఆవిడ ఇంట్లో లేదు. ఆ నియమం ఎవర్ని కాపాడటానికి పెట్టుకుందో, ఇప్పుడు తెలుసుకునే వీలు లేదు.

నాన్నగారు పోయి చాలాకాలమైంది. నేను పెళ్లి చేసుకోలేదు. కారణాలు వేరే ఉన్నాయి, ఇక్కడ అవసరం లేదు. తమ్ముడికి రాలేదు కాబట్టి ఆ గీత వాడి వైపు ఆగిపోయింది. మా ఇంటి ఆస్తిలో చివరిదాకా కరగకుండా నాకు దిగినది అదొక్కటే, నాతోనే పోతుంది. కుర్చీ కూడా నా దగ్గరే ఉంది. శ్రీజ అందులో కాళ్లు మడుచుకుని కూర్చుంటుంది.

ఇదంతా ఆ పిల్లకి చెప్పాను. ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు, అడిగిన వాళ్లూ లేరు. చెబుతున్నంతసేపూ ఆ ముడి బిగుసుకునే ఉంది. శ్రీజ నోరు తెరిచి వింది.

“అత్తా, సచ్చీ? నువ్వు కలర్‌బ్లైండా? లడ్కియోం మే కితనా రేర్ హై, మాలూమ్? నాకింతవరకూ చెప్పలేదేటి? క్లాసులో నాదే బెస్ట్ చార్ట్ అయిపోద్ది!” అని నా మెడ చుట్టూ చేతులు వేసింది. ఆ సంబరం చూసి నాకు కోపం రావాలి. మేము నోరు నొక్కుకుని మోసింది దానికి మార్కుల సరుకు అయింది. కోపం రాలేదు. దాని మొహంలో వెతికాను, ఎక్కడా భయం లేదు. భయం లేని పిల్ల నా వంశాన్ని గీయడం చూడాలనిపించింది.

తెర మీద గడులు టకటకా పుట్టాయి. రెండు గీతల దగ్గర ఒక్క క్షణం ఆగి, నా వైపు చూసి, రెండూ పెట్టింది. వాటి మధ్య ఎడం సమంగా లేదు. సరిచెయ్యమన్నాను. గొణిగి, సరిచేసింది. అప్పుడు నాన్నగారి చతురస్రం మీదికి బాణంగుర్తు తెచ్చి, పక్కన రంగుల పట్టీ తెరిచింది.

“దీన్లో ఏ రంగు నింపమంటావత్తా? రెడ్డా, గ్రీనా?”

“నలుపు నింపు,” అన్నాను. “అది మాకందరికీ కనిపిస్తుంది.”